రెండు ముక్కల అడుగు

ఆయన్ని అందరూ చప్పుళ్ళాయన అనేవారు. చేసే పని పేరు సినిమా చిట్టచివర, జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు తెర మీద పడేది కాబట్టి, అదేమిటో ఎవరికీ పట్టలేదు. షూటింగులో నటుల మాటలు తప్ప మిగతా చప్పుళ్ళేవీ సరిగా దొరకవు. వాటిని తర్వాత ఒక గదిలో నిలబడి, బొమ్మ చూస్తూ, మళ్ళీ పుట్టించాలి. అదీ ఆయన పని. హీరోయిన్ కోపంగా గ్లాసు బల్ల మీద పెడితే ఆ ఠక్కుమన్నది ఆయన గ్లాసు. విలన్ చెయ్యి విరిగితే అది తడిగుడ్డలో చుట్టి విరిచిన క్యారెట్టు. పచ్చికలో పిల్లలు పరిగెత్తాలంటే పాడైన క్యాసెట్ల టేపంతా నలిపి కుప్పపోసి, దాని మీద తన మోకాళ్ళు ఏమైపోతున్నా సరే తైతక్కలాడేవాడు.

కానీ ఆయన అసలు విద్య అడుగులు. గది నేలలో వరసగా గుంటలుండేవి. ఒకదాన్లో ఇసుక, ఒకదాన్లో కంకర, మరోదాన్లో చెక్కలు. పక్కన రాక్ నిండా బూట్లు, హైహీల్సు, హవాయి చెప్పులు. ముందుకు పోకుండా ఉన్నచోటే నడుస్తూ, తెర మీద ఎవరు నడిస్తే వాళ్ళయిపోయేవాడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి ఒకటే చెప్పేవాడు. "వాళ్ళ కాళ్ళు చూడకండి, దెబ్బతింటారు. భుజం చూడండి. అడుగు ముందు భుజంలో పుడుతుంది, కాలికి తర్వాత తెలుస్తుంది."

ఇన్ని వేల మైళ్ళు ఇతరుల కోసం నడిచిన మనిషికి సొంత నడకలో ఒక వింత ఉండేది. ఎవరికీ ముందు నడిచేవాడు కాదు. వరండాలో, బజారులో, బస్సు దిగేటప్పుడు కూడా, "మీరు పదండి, నేనొస్తా" అనేవాడు. ఆ మాట ఆయనకి ఊతపదం. పెద్దమనిషి తరహా అనుకున్నారు కొందరు. ఇక ఇంటావిడతో బయటికొస్తే వీధి వీధంతా నవ్వేది. ఆవిడ చేతి సంచి ఊపుకుంటూ ముందు, ఈయన నాలుగడుగులు వెనక. కిందింటావిడ అయితే మొహం మీదే అనేసేది, "మా ఆయన్ని ఓ నెల మీ దగ్గర ట్రైనింగుకి పంపిస్తా బాబాయ్‌గారూ" అని.

నవ్వుకునే రోజులు అయిపోయాయి. ఆవిడ కళ్ళకి నీటికాసులొచ్చాయి.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. హలో అన్న ఒక్క మాటకి అవతలివాళ్ళ మూడ్ చెప్పేసేది. చెవులకేమీ కాలేదు గానీ, చూపు మాత్రం చుట్టూ అంచుల నుంచి తినుకుంటూ వచ్చి, గొట్టంలోంచి చూస్తున్నట్టు తయారైంది. ఎదుటి మనిషి మొహం కనిపించేది. కాలికింద మెట్టు కనిపించేది కాదు. వాళ్ళుండేది మూడో అంతస్తు. ఒక్క మనిషి పట్టే సందు మెట్లు. కంటి డాక్టరు విడమరిచి చెప్పాడు. "ఎవరో ఒకరు ముందు నడవాలి. ఈవిడ చెయ్యి వాళ్ళ భుజం మీద ఉండాలి. అలా అయితే ఎక్కడికైనా వెళ్ళొచ్చు."

ముందు నడవాలి. అదొక్కటే ఆయన వల్ల కాదు.

ఆ మాట ఎవరితోనూ అనలేక, ఎప్పటిలాగే "నువ్వు పద" అన్నాడు. రెండో అంతస్తు మలుపులో ఆవిడ లేని మెట్టు మీద కాలేసింది. మణికట్టు విరిగింది. కట్టు చూసి కూతురు అగ్గి మీద గుగ్గిలమైంది.

"నాన్నా, అమ్మ పడినప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"వెనకాలే ఉన్నానమ్మా."

"వెనకాలుండి ఏం చేశావ్? చూశావా?"

ఆయన ఆవిడ కట్టు కింద దిండు సర్దాడు.

"కట్టు విప్పగానే ఆ ఆదివారం వస్తా. అమ్మని మా ఊరు తీసుకెళ్ళిపోతా. మా ఇంట్లో మెట్లు లేవు. ముందు నడవడానికి నేనున్నా. నువ్వూ రావాలనుకుంటే రా. వెనకాలే."

కూతురు వెళ్ళాక ఆవిడ సోఫా అంచు తడుముతూ అంది. "నాకు వెళ్ళాలని లేదండీ. ఇక్కడ వంటగదిలో నాకు కళ్ళతో పనిలేదు. దాని ఇంట్లో చెంచా కావాలన్నా ఎవరో ఒకర్ని పిలవాలి."

"అయితే వెళ్ళకు."

"వెళ్ళకుండా ఉండాలంటే మెట్లు దిగాలిగా."

ఆ ఆదివారం ఇంకో వారంలో ఉందనగా ఆ సినిమా వచ్చింది.

చిన్న సినిమా. పాటలు లేవు. పేరున్న నటులెవరూ లేరు. డైరెక్టరు కుర్రవాడు, మొదటి సినిమా, గోళ్ళు కొరుక్కునే అలవాటు. కథ మా మావయ్యది అన్నాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి ఒకడు దేవుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు. తనతో ఉన్న స్నేహితుడు చచ్చిపోయి తనెందుకు బతికాడో అడగాలని. ఎవరెవరి కాళ్ళ దగ్గరో కూర్చుంటాడు. నెలల తరబడి మాటలు మానేస్తాడు. ఎక్కడా జవాబు దొరకదు. చివరికి ఆ స్నేహితుడి భార్య వచ్చి, ఆయన పోయిన చోటు నాకు చూపించు అంటుంది. ఆఖరి రీలులో సిపాయి బూట్లు విప్పేసి, అప్పటి యుద్ధభూమిలో ఒట్టికాళ్ళతో ముందు నడుస్తాడు. ఆమె అతని అడుగుల్లో అడుగులేసుకుంటూ వెనక నడుస్తుంది.

రికార్డింగు చూసుకునే అమ్మాయి కథ విని, "హాలు ఖాళీయే బాబాయ్" అని ఆయన చెవిలో గొణిగింది. అద్దం అవతల గదిలో మిషన్ల మధ్య కూర్చునే ఆ అమ్మాయి ఆయనతో పదేళ్ళుగా పనిచేస్తోంది. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే మనిషి ఆ రోజు నవ్వలేదని గమనించింది గానీ, ఎందుకో ఆమెకి తెలియదు. ఆయన ఒకప్పుడు మిలిటరీలో ఉన్న సంగతే ఆమెకి తెలియదు.

ఆయన చేసింది దారి వెతికే దళంలో. మందుపాతరలు పాతిన నేలలో ఒకడు ముందు నడవాలి. మిగతావాళ్ళు వాడి అడుగు ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడే అడుగెయ్యాలి. ఒంట్లో బరువు తక్కువ, ఒళ్ళు తెలిసి నడిచేవాడు అని ఆయన్ని ముందు పెట్టారు. ఆయన మొదట మడమ ఆనించేవాడు. ఆగేవాడు. కాలితో వినేవాడు. ఆ తర్వాతే బరువు మోపేవాడు. అలా వింటే తెలిసేదేమీ ఉండదని ఆయనకీ తెలుసు, అయినా కాలు దానికి అలవాటుపడింది. వెనక ఎప్పుడూ ఒకే మనిషి ఉండేవాడు. దళంలో అందరికంటే పొడుగు, అందుకని పొట్టోడు అనేవాళ్ళు.

"ఒరే, నీ అడుగు నా పాదానికి సగమే సరిపోతోందిరా. మిగతా సగం ఎక్కడ పెట్టను?"

"నా నెత్తిన పెట్టు. మాట్లాడకుండా నా అడుగులో అడుగెయ్యి."

పొట్టోడు మాట్లాడకుండా అడుగేశాడు. ఆయన అప్పుడే కాలు తీసిన చోట. అక్కడే పేలింది.

ఆ తర్వాత చాలాకాలం ఆయన కూడా దేవుడి కోసం తిరిగాడు. ఉన్నాడని ఎవరు ఎక్కడ చెప్పినా వెళ్ళాడు. ఉపవాసాలున్నాడు. రాళ్ళ మీద మోకరిల్లాడు. ఒకచోట ఒక ముసలాయన, నిజంగా మంచివాడే, ఆయన తల మీద చెయ్యిపెట్టి, "దేవుడు నిన్ను ఎప్పుడో క్షమించాడు నాయనా" అన్నాడు. "ఆ సంగతి పొట్టోడికి చెప్పాడా?" అని అడిగి, ముసలాయన చెయ్యి తీసేలోపే లేచి వచ్చేశాడు. వచ్చి ఈ గదిలో పడ్డాడు. ఇక్కడ ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటాం. వెనక ఎవరూ రారు. అది ఆయనకి సరిపోయింది.

ఇప్పుడు వెనక ఒకామె వస్తోంది.

మొదటి రీళ్ళన్నీ ఎప్పటిలాగే అయిపోయాయి. ఆఖరి రీలు శుక్రవారం పొద్దున మొదలుపెట్టారు. పద్ధతి ప్రకారం ముందు నడిచే మనిషి అడుగులు ముందు రికార్డు చేస్తారు, వెనకవాళ్ళవి తర్వాత. ఆయన చెప్పులు విప్పి ఇసుక గుంటలో నిలబడ్డాడు. దీపాలు ఆరాయి. తెర మీద సిపాయి వీపు. వాడి వెనక కొంగు బిగించి దోపుకున్న ఆడమనిషి. సిపాయి కుడి భుజం కదిలింది.

ఆయన కాలు లేచింది. లేచి, గాల్లో ఉండిపోయింది.

"మళ్ళీ చేద్దాం బాబాయ్" అని స్పీకరులో ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

మళ్ళీ చేశారు. మళ్ళీ మళ్ళీ చేశారు. కాలు కిందికి దిగడం దిగుతోంది గానీ, ఒక్కసారిగా దిగడంలేదు. చివరికి ఆ అమ్మాయి బయటికొచ్చి మెల్లగా అంది. "అడుగు రెండు ముక్కలవుతోంది బాబాయ్. మడమ ఒకసారి వినిపిస్తోంది, బరువు ఒకసారి. మధ్యలో ఖాళీ."

డైరెక్టరు గోరు కొరకడం ఆపాడు. "పెద్దాయనా, మీరు బాగా చేస్తున్నారు. కానీ నా సిపాయి ఇక్కడికొచ్చేసరికి భయం వదిలేశాడు. మీ కాలు ఇంకా వదల్లేదు." కుర్రవాడు తప్పేమీ అనలేదు. విన్నది చెప్పాడు.

"ఇసుక మార్చి చూస్తాను" అన్నాడాయన. ఇసుక మార్చారు. గులకరాళ్ళు కలిపారు. నీళ్ళు చల్లారు. అడుగు రెండు ముక్కలే. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మధ్యాహ్నం దాటాక డైరెక్టరు వాచీ చూసుకుని, "రేపు సాయంత్రం మిక్సింగు మొదలెట్టాలి. అప్పటికి కాకపోతే పాత సినిమాల్లోంచి ఏవో అడుగులు తీసి అతికించేస్తాం. మీరేం మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

అందరూ వెళ్ళాక ఆయన గుంట అంచున కూర్చుని ఇసుకలో చెయ్యి పెట్టాడు. జానెడు లోతులో వేళ్ళకి సిమెంటు తగిలింది. దాని కింద ఇంకో గది పైకప్పు. ఇంతకంటే నమ్మకమైన నేల ఈ భూమ్మీద ఎక్కడుంటుంది? ఇక్కడే ఒక అడుగు ముందు వెయ్యలేని వాడు, ఎల్లుండి ఆ మెట్ల మీద కూతురి కళ్ళెదుట ఏం వేస్తాడు?

ఇంటికెళ్ళేసరికి ఆవిడ చెప్పులేసుకుని సిద్ధంగా కూర్చుంది. కట్టు ముందురోజే విప్పారు. "కంట్లో చుక్కలు అయిపోయాయండీ. కిందికెళ్ళి తెచ్చుకుందాం" అంది. అలా అడిగి చాలా రోజులైంది. ఎందుకు అడిగిందో ఆయనకి అర్థమైంది.

"ఇవాళ నేను ముందు నడుస్తా. నా భుజం మీద చెయ్యెయ్యి."

ఆవిడ చెయ్యి భుజం మీద పడింది. ఒక మెట్టు దిగాడు. రెండోది దిగాడు. వెనక ఆవిడ చెప్పు తాను ఇప్పుడే కాలు తీసిన మెట్టు మీద పడిన చప్పుడు వినిపించింది.

అంతే. రెండు చేతులూ రెయిలింగుని పట్టేసుకున్నాయి. కింద మెట్టుంది, కనిపిస్తోంది, సున్నం మరకతో సహా కనిపిస్తోంది. కాలు రాలేదు. చెవుల్లో ఏదో హోరు. భుజం మీద చెయ్యి బిగుసుకుంది.

"ఏవండీ, ఆగిపోయారేం? ఏముంది అక్కడ?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే దిగండి."

దిగలేదు. కింది నుంచి కూరగాయల సంచితో వస్తున్న కిందింటావిడ తలెత్తి చూసి, "ఏంటి బాబాయ్‌గారూ, మెట్లకి కాపలా కాస్తున్నారా?" అంది. మొహం చూశాక నవ్వు మింగేసి తన తలుపు వేసుకుంది. ఇద్దరూ వెనక్కి పైకెక్కారు. ఎక్కేటప్పుడు ఆవిడ ముందు, ఆయన వెనక.

లోపలికొచ్చాక ఆవిడ కుర్చీలో కూర్చుని, "ఇప్పుడు చెప్పండి. వెనక నేను వస్తుంటే మీకు భయమెందుకు?" అంది.

"నువ్వంటే కాదు. నా అడుగులో పడే అడుగంటే."

చెప్పాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో స్నేహితుడొకడు యుద్ధంలో పోయాడని మాత్రమే ఆవిడకి తెలుసు. ఎక్కడ అడుగేసి పోయాడో ఇప్పుడు తెలిసింది. ట్రంకు కాల్ వింటున్నట్టు, అవతలి గొంతు తెగిపోతుందేమోనన్నట్టు, ఆవిడ ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకుంటూ వింది.

"నన్ను ముందు నడవనిస్తున్నారంటే నేనంటే గౌరవమనుకున్నానండీ. మా అక్కాచెల్లెళ్ళ దగ్గర గొప్పలు కూడా పోయాను."

"గౌరవం కూడా ఉందిలే."

"ఆ 'కూడా' ఒకటి! దానం చేసినట్టు." తర్వాత, తమాషాగా అనబోయింది గానీ మాట అలా రాలేదు. "అంటే ఇన్నేళ్ళూ దారిలో ఏదైనా ఉంటే ముందు నేను తొక్కాలన్నమాట."

ఆయన తలెత్తాడు. ఆ సంగతి ఆయనకి ఒక్కనాడు కూడా తోచలేదు. వెనక ఉంటే ఎవరికీ ఏమీ కాదనుకున్నాడు. వెనక ఉంటే తన అడుగులో ఎవరూ పడరు, అంతవరకే ఆలోచించాడు. మరి ముందున్నదెవరు? పాల పాకెట్టు తేవడానికి వెళ్ళినా, పసిబిడ్డని చంకనేసుకుని ఆస్పత్రికి పరిగెత్తినా, ముందు ఆవిడే.

"నేనలా అనుకోలేదే" అన్నాడు.

"తెలుసండీ. అనుకుంటే అలా చేసేవాళ్ళా?" అని, కుర్చీ చేతుల్ని తడుముకుంటూ లేచి, చుక్కలు లేని సీసాని ఒకసారి కంటి మీద పిండి చూసుకుంది.

శనివారం పొద్దున ఆయన వెళ్ళేసరికి రికార్డింగు అమ్మాయి మిషన్లన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. డైరెక్టరు మూల నిలబడి మళ్ళీ గోళ్ళ మీద పడ్డాడు. "బాబాయ్, వెనక వచ్చే ఆవిడవి ముందు చేసేద్దామా? కనీసం అవైనా అయిపోతాయి. తలనొప్పి తర్వాత చూసుకుందాం" అంది ఆ అమ్మాయి. పద్ధతి కాదది. ముందు మనిషి అడుగులు లేకుండా వెనక మనిషి అడుగులు ఎవరూ తియ్యరు. ఆయన సరే అన్నాడు.

దీపాలు ఆరాయి. తెర మీద ఆ ఆడమనిషి భుజం చూశాడు. ముందున్నవాడి మీద కొంచెం నమ్మకం, కొంచెం కోపం. వాడు కాలు తియ్యగానే ఆ చోటు చల్లారకముందే తన కాలు అక్కడ పెట్టాలన్న తొందర. ఆయన పాదాలు వాటంతటవే నడిచాయి. ఎక్కడా తడబడలేదు. చివర్లో సిపాయి ఆగిపోతాడు. ఆమె ఆగదు. అతన్ని దాటుకుని ముందుకెళ్ళి, భర్త పోయిన చోట నిలబడుతుంది. అక్కడిదాకా ఆయన ఒకే ఊపులో నడిచి ఆగాడు.

"ఒక్క టేకు!" అని స్పీకరులో అరుపు. "ఈవిడ నడక మీకెలా తెలుసు బాబాయ్?"

"ఇంట్లో రోజూ చేసే పనేగా" అని హెడ్‌ఫోన్లు అందుకున్నాడు. "ఇప్పుడు ఈవిడ అడుగులు నా చెవుల్లో వెయ్యి. సిపాయివి చేద్దాం."

అద్దం అవతల ఆ అమ్మాయి చెయ్యి మిషను మీద ఆగింది. తర్వాత కదిలింది.

మళ్ళీ చీకటి. మళ్ళీ ఆ వీపు. హెడ్‌ఫోన్లలో ముందు ఏమీ లేదు, ఇసుక ఊపిరి పీల్చినట్టు సన్నని సర్రుమనే చప్పుడు తప్ప. సిపాయి భుజం కదిలింది. ఆయన మడమ ఆనింది. ఆగింది. వినబోయింది.

వెనక నుంచి అడుగు వచ్చేస్తోంది.

అది ఆగదు. అది ఎప్పుడో రికార్డయిపోయింది. సిపాయి కాలు తీసిన మరుక్షణం అక్కడ పడి తీరుతుంది. ఆయన ఇంకా మడమ మీదే నిలబడితే, ఆయన బరువు మోపని చోట ఆమె బరువు మోపుతుంది. ఆయన చూడని నేలని ఆమె ముందు తొక్కుతుంది. వినడానికి సమయం లేదు. ఏదైనా ఉంటే అది తన కిందే ఉండాలి. తన బరువు ముందు పడాలి.

పాదం మొత్తం ఒక్కసారిగా దింపేశాడు.

ఇసుక అణిగింది. కాలు తీశాడు. తీసిన చోట, సరిగ్గా ఆ చోట, చెవిలో ఆమె అడుగు పడింది.

ఆయన ఒళ్ళంతా బిగుసుకుపోయి ఎదురుచూసింది. ఏమీ కాలేదు. అప్పటికే రెండో భుజం కదిలింది. మళ్ళీ దింపాడు. మళ్ళీ వెనక ఆమె. ప్రతి అడుగుకీ వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి. ప్రతి అడుగూ తర్వాతి అడుగుని ముందుకు తోస్తోంది. కాళ్ళ కింద సిమెంటుందన్న సంగతి ఆయన మర్చిపోయాడు. అద్దం అవతల ఎవరున్నారో మర్చిపోయాడు. వెనక వస్తున్నది తన పాదాలేనన్నది కూడా మర్చిపోయాడు. పొట్టోడి పాదం ఎంత పెద్దదో గుర్తొచ్చి, పిచ్చివాడిలా తన పాదాన్ని కాస్త వెడల్పుగా ఆనించాడు, వాడికి చోటు సరిపోవాలని.

సిపాయి ఆగాడు. ఆయనా ఆగాడు.

వెనక అడుగులు ఆగలేదు. దగ్గరికొచ్చాయి. పక్కకొచ్చాయి. చెవి పక్కనుంచే దాటి, ముందుకు వెళ్ళాయి. వెళ్ళి, ఎక్కడో అక్కడ, నిలబడ్డాయి. ఆ తర్వాత మళ్ళీ ఇసుక ఊపిరి.

దీపాలు వెలిగినా ఆయన హెడ్‌ఫోన్లు తియ్యలేదు. డైరెక్టరు ఏదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి. ఆ అమ్మాయి తలుపు తీసుకుని వచ్చి, ఒక మగ్గుతో నీళ్ళు ఆయన చేతికిచ్చి, జోకేమీ వెయ్యకుండా వెళ్ళిపోయింది.

ఆదివారం కూతురు చెప్పినట్టే వచ్చింది. కారు కింద ఆపి, పైకి రాకుండా హారన్ కొట్టింది. అమ్మ సామాను తేవడానికి ఆమె మెట్ల దగ్గరికొచ్చి తలెత్తేసరికి, పైమలుపులో తండ్రి కనిపించాడు. ముందు తండ్రి. వెనక, ఆయన భుజం మీద చెయ్యేసి, తల్లి. సామాను లేదు.

"నాన్నా, ఏం చేస్తున్నావ్? అమ్మ పడుతుంది!"

"నువ్వు కాసేపు నోరు మూసుకోవే. మీ నాన్న లెక్క తప్పుతారు" అంది తల్లి.

ఆయన కాలు కింది మెట్టు మీదికి దిగింది. మడమ తగిలింది. ఆగింది. వెనక ఆవిడ చెప్పు కదలబోయి నిలిచిపోయింది. కూతురు పైకి రెండు మెట్లెక్కి, ఏదో అర్థమైనట్టు అక్కడే ఆగింది. నుదుటి మీంచి చెమట కంట్లో పడుతున్నా ఆయన తుడుచుకోలేదు. చేతులు రెయిలింగు మీద లేవు. బరువు మోపాడు. వెనక ఆవిడ, ఆయన కాలు తీసిన చోట, కాలు పెట్టింది. రెండో మెట్టు. మళ్ళీ అలాగే. స్టూడియోలో ఒక్కసారి ఒక్క ముక్కగా పడిన అడుగు ఇక్కడ మళ్ళీ రెండు ముక్కలే అయింది. పెద్దవాళ్ళిద్దరూ ఆ మెట్లు దిగడానికి పట్టినంతసేపట్లో కూతురు కారు తాళాలు చేతిలోంచి బ్యాగులోకీ బ్యాగులోంచి చేతిలోకీ ఎన్నిసార్లు మార్చుకుందో.

కిందికొచ్చాక తండ్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "చుక్కల మందు తేవాలి" అన్నాడు కూతురితో. "నువ్వూ రా. మా వెనకాలే."

ఆ రోజు కారు వచ్చిన ఒక్క మనిషితోనే తిరిగి వెళ్ళింది.

సినిమా విడుదలై, ఎవరికీ తెలియకుండానే వెళ్ళిపోయింది. రికార్డింగు అమ్మాయి అన్నట్టు హాలు ఖాళీయే. దాని పేరు ఇప్పుడు చెప్పినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. చూసిన ఆ కొద్దిమంది మాత్రం ఆఖరి నడక గురించి చెప్తారు. మాటల్లేవు, సంగీతం లేదు, రెండు జతల అడుగులు తప్ప ఏమీ లేదు, అయినా కుర్చీ చేతులు పట్టుకునే కూర్చున్నాం అని.

ఆయన ఆవిణ్ణి మ్యాటినీకి తీసుకెళ్ళాడు. తెర మీద బొమ్మ ఆవిడకి అరచేయంతే కనిపించింది. ఆఖరి రీలు వచ్చేసరికి ఆ మాత్రం చూడడం కూడా మానేసి, కళ్ళు మూసుకుని విన్నది.

"ఆ వెనకొచ్చేది మీరే" అంది గుసగుసగా. "పెళ్ళినాటి నుంచీ వింటున్నా, నాకు తెలీదూ? ముందు నడిచే ఆయనెవరు?"

"నేనే."

"పొండి. అలా నడవడం మీకెక్కడొచ్చు?"

ఆయన వాదించలేదు. ఆవిడ అన్నది కూడా నిజమే. అలా నడవడం ఆయనకి ఆ ఒక్కసారే వచ్చింది.

హాల్లో దీపాలు వెలిగాక అలవాటుగా "నువ్వు పద" అనబోయి, ఆ మాట నోట్లోనే ఆపుకుని ముందుకొచ్చాడు. ఆవిడ చెయ్యి భుజం మీద పడింది. బాల్కనీ మెట్లు. మడమ. ఆగడం. బరువు. వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన ఆవిడకి ముందే నడిచాడు. అడుగు మాత్రం చివరిదాకా రెండు ముక్కలుగానే పడింది. బాగుచేసుకుందామని ఆయన చాలా ప్రయత్నించాడు గానీ ఆవిడే వద్దంది. చూపు పూర్తిగా పోయాక, ఆయన భుజం మీద చెయ్యేసి నడుస్తూ ఆవిడ ఆ రెండు ముక్కలనీ వినేది. మొదటిది వినిపిస్తే అక్కడ మెట్టుందని తెలిసేది. రెండోది వినిపించేదాకా ఆగేది. వినిపించాక, ఆయన కాలు తీసిన చోట కాలు పెట్టేది.